కుడి పక్కకు ఒరిగిన మా పికప్, ఆటోనగర్లో బోర్డు లేని కమాన్ల కొట్టు

మా బండి ఒరిగిందని మొదట కనిపెట్టింది నేను కాదు, మా డ్రైవరూ కాదు. బందరు రోడ్డు పక్కన టీ కొట్టాయన. "అమ్మా, మీ బండి ఒక చెవి వాల్చిన మేకలా ఉందే" అన్నాడు. వెనక్కి వెళ్ళి నిలబడి చూస్తే నిజమే. తొట్టి కుడి మూల కిందికి దిగి ఉంది. ముందు బంపరు కూడా కుడికే వాలింది. రోజూ చూసే బండి కాబట్టి మా కంటికి ఆనలేదు. గోడ మీద వంకరగా వేలాడే క్యాలెండరును చుట్టాలు వచ్చి చెబితేగాని మనం సరిచేయం కదా.

కంకిపాడు దగ్గర మాకు మంచినీళ్ళ ప్లాంటు ఉంది. ఇరవై లీటర్ల క్యాన్లు రోజుకు రెండు ట్రిప్పులు వేస్తాం. డెబ్బై క్యాన్లు ఎక్కిస్తే నీళ్ళ బరువే 1,400 కిలోలు. బండి ఒకటిన్నర టన్ను పికప్, 2017లో కొన్నాం, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. ముందూ వెనకా కమాన్ పట్టీలే, అంటే ఇరుసు మీద బండి బరువు మోసేలా కట్టగా పేర్చిన వంపు ఉక్కు పట్టీలు. ఏ కంపెనీదో చెప్పడం లేదు. తప్పు కంపెనీది కాదని, చాలావరకు మాదేనని చివరికి తేలింది.

ఆటోనగర్ దాకా వెళ్ళడానికి ముందు రెండు చోట్ల డబ్బు పోగొట్టుకున్నాను. మొదటి మెకానిక్కు మా ఊరివాడే. పేరు చెప్పను, రోజూ ముఖాలు చూసుకోవాలి. తొట్టి అంచు పట్టుకొని బండిని రెండుసార్లు ఊపి, "వెనక షాకులు పోయాయండీ" అన్నాడు. రెండు పక్కలా కొత్త షాక్ అబ్జార్బర్లు వేసి 3,600 రూపాయలు తీసుకున్నాడు. బండి మెత్తగా నడిచింది. ఒరుగు మాత్రం ఎంత ఉందో అంతే ఉంది. షాక్ అబ్జార్బరు బండిని మోయదని నాకు తర్వాత తెలిసింది. గుంతలో పడ్డ బండి ఊగుతూనే ఉండిపోకుండా అదుపు చేయడమే దాని పని. బరువు మోసేవి కమాన్లు. కూలివాడి నడుము విరిగితే మేస్త్రీకి మందు రాసినట్టయింది మా వైద్యం.

రెండోవాడు ఇంకాస్త తెలిసినవాడే. కమాను దిగిందని సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ కుడి కట్టలో ఎక్కడిదో పాత పట్టీ ఒకటి అదనంగా దూర్చి, 1,900 తీసుకొని పంపేశాడు. ఖాళీ బండి ముచ్చటగా నిలబడింది. మూడు వారాలు. ఆ మూడు వారాలూ కుడి చక్రం గుంతలో పడ్డప్పుడల్లా దెబ్బ నేరుగా నడుములోకి వస్తోందని డ్రైవరు మొత్తుకున్నాడు. నాలుగో వారానికి బండి మళ్ళీ కుడికి వాలింది. పైగా మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి టక్కుమని ఒక చప్పుడు కొత్తగా చేరింది.

అప్పుడు ఊక లోడ్లు తోలే ఒక లారీ యజమాని ఈ కొట్టు గురించి చెప్పాడు. విజయవాడ ఆటోనగర్లో దొరకని పని లేదన్నది అందరికీ తెలిసిందే. ఏ సందులో ఎవరున్నారన్నదే తెలియాలి. దీనికి బోర్డు లేదు. వెదురు గడల్లా గోడకు నిలబెట్టిన పాత పట్టీలే గుర్తు. లోపల ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు, పట్టీలు వంచే ఒక ప్రెస్సు.

వెళ్ళగానే కుర్రాడు మా డ్రైవరును చూసి "ఏమైందన్నా?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. ఇది నాకు అలవాటే. బండి ఉన్న చోట ఆడమనిషి మాట్లాడితే మొదటి రెండు నిమిషాలు ఎవరికీ వినపడదు. "బండి అమ్మగారిదే" అన్నాడు డ్రైవరు. పెద్దాయన లేచి వచ్చి, బండిని కాకుండా నన్ను చూస్తూ అడిగాడు.

"క్యాన్లు ఏ పక్కనుంచి దించుతారమ్మా?"

ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. "ఎడమ పక్కనుంచే బాబాయ్ గారూ. మనం వెళ్ళేది రోడ్డుకు ఎడమవైపు కదా, ఇళ్ళు అటే ఉంటాయి" అన్నాను.

"అంటే ఎడమ వరసలు ముందు ఖాళీ అవుతాయి. కుడి వరసలు చివరిదాకా ఉంటాయి. డ్రైవరు కుడివైపే. సగం దారి మీ బండి ఒంటికాలి మీద నడుస్తోందమ్మా."

అలా ఏడేళ్ళకు పైగా, రోజుకు రెండు ట్రిప్పులు. ఆ మాటతోనే నాకు సగం సమాధానం దొరికింది. కానీ ఆయన అంతటితో నమ్మే మనిషి కాదు. ఈ కొట్టు గురించి ఇంత రాయడానికి కారణం కూడా అదే. పానా పట్టుకోవడానికి ముందు ముప్పావుగంట కొలతలే తీశాడు.

నేను ఇంటి దగ్గర కుట్టుమిషను టేపుతో కొలిచి కాగితం మీద రాసుకొని వెళ్ళాను. నేల నుంచి తొట్టి అంచు దాకా తీసిన కొలతలు. ఆయన చూసి కాగితం తిరిగి ఇచ్చేశాడు. నేల ఎగుడుదిగుడు, టైర్లలో గాలి తేడా, అరిగిన రబ్బరు, అన్నీ ఆ కొలతలో కలిసిపోతాయట. కొలవాల్సింది చక్రం నడిబొడ్డు నుంచి పైన అంచు దాకా. టైరు ఎలా ఉన్నా ఇరుసుకూ బండికీ మధ్య ఎంత ఎడం ఉందో అది చెబుతుంది.

కొట్టు ముందు కాంక్రీటు మీద పసుపు రంగుతో నాలుగు చదరాలు గీసి ఉన్నాయి. పార్కింగు గీతలనుకున్నాను. తాపీమేస్త్రీలు పట్టే నీళ్ళ గొట్టంతో మట్టం చూసి, నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో నిలిచేలా ఆయనే చేయించుకున్నాడట. మొదట టైర్ల సైజులు, గాలి చూశాడు. ఒకదాంట్లో ఆరు పౌండ్లు తక్కువుంటే నింపించాడు. బండిని చదరాల మీదికి తెచ్చి, ముందుకూ వెనక్కూ రెండుసార్లు దొర్లించి, తొట్టిని నాలుగు మూలలా నొక్కి వదిలాడు. జాకీ మీదినుంచి దించిన బండిని వెంటనే కొలిస్తే కమాన్లు ఇంకా కుదురుకోక అబద్ధం చెబుతాయట.

ఆయన దగ్గరున్న స్టీలు టేపు మొదటి పది సెంటీమీటర్లు తెగిపోయి ఉంది. పది దగ్గర బొటనవేలు పెట్టి కొలిచి, వచ్చిన అంకెలోంచి పది తీసేస్తున్నాడు. చూడలేక నా టేపు ఇచ్చాను. వెనక ఎడమ 54.5 సెంటీమీటర్లు, వెనక కుడి 50. ముందు ఎడమ 47, ముందు కుడి 45. సుద్దముక్కతో చక్రాల పక్కనే నేల మీద రాశాడు.

"ముందు కూడా కుడికి దిగింది కదా, అది కూడా పోయినట్టేనా?" అని అడిగాను. రెండోవాడు ముందు కమాన్లు కూడా మార్చాలని 11,000 అంచనా చెప్పి ఉన్నాడు.

పెద్దాయన జవాబు చెప్పలేదు. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టించి, వెనక ఇరుసుకు సరిగ్గా నడుమ, గేర్లుండే గుండ్రటి హౌసింగ్ కింద జాకీ పెట్టించాడు. పక్కన రెండు స్టాండ్లు అందుబాటులో నిలిపి మెల్లగా లేపించాడు. వెనక చక్రాలు రెండూ నేలను వదిలాయి. అప్పుడు నన్ను ముందుకు తీసుకెళ్ళి, "ఇప్పుడు మీ టేపుతో మీరే కొలవండి" అన్నాడు.

రెండు సెంటీమీటర్ల తేడా రెండు మిల్లీమీటర్లయింది.

దీని లెక్క ఆయన చెప్పినట్టే చెబుతాను. ఛాసిస్ గట్టి చట్రం. మంచానికి ఒక కోడు పొట్టిదైతే మంచమంతా వాలుతుంది, మిగిలిన మూడు కోళ్ళూ బాగున్నా సరే. వెనక ఇరుసును నడుమ ఒక్క బిందువు మీద ఎత్తితే అది త్రాసు కాడిలా అటూ ఇటూ ఊగగలదు, బండిని ఏ పక్కకూ తొయ్యలేదు. ఇక బండి వాలు ముందు కమాన్ల చేతుల్లోనే ఉంటుంది. అవి బాగుంటే ముందు భాగం సమంగా నిలుస్తుంది, మా బండిలో నిలిచింది. జబ్బు వెనక ఉంది. ముందు నడుమ ఎత్తినప్పుడు వెనక సమంగా నిలిస్తే జబ్బు ముందున్నట్టు. ఆ ఒక్క జాకీ దెబ్బతో నాకు 11,000 మిగిలింది.

ఇంకొకటి కూడా చూశాడు. బండి వెనక నిలబడి తొట్టి అడుగు, ఛాసిస్ దూలం రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా అని. మాది ఉంది. ఆ రోజే పక్కన నిలిపిన ఇంకో బండికి ఛాసిస్ నిటారుగానే ఉంది, క్యాబిన్ కింద రబ్బరు దిమ్మలు ఒక పక్క నలిగిపోయి క్యాబిన్ మాత్రం ఒరిగింది. దానికి కమాన్లు మార్చి ఉంటే ఆ యజమాని నాలాగే రెండుసార్లు మోసపోయేవాడు.

తర్వాత రెండు కట్టలూ విప్పారు. పట్టీలను నడుమ కలిపి పట్టే సెంటర్ బోల్టులు బాగానే ఉన్నాయి. అది తెగితే ఇరుసు వెనక్కో ముందుకో జరిగి బండి పీతలా పక్కవాటుగా నడుస్తుందట. కట్టలను నేల మీద పక్కపక్కన పెట్టి, విల్లుకు నారి కట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి, నడుమ లోతు కొలిచాడు. ఎడమ కట్ట 10 సెంటీమీటర్లు, కుడిది 7.5. రెండోవాడు దూర్చిన పట్టీ వంపు మిగిలిన వాటితో కలవక, నడుమ గాలి వదిలి కొసల దగ్గర మాత్రం ఒత్తుకుంటోంది. కుడి షాకిల్ బుష్షు, అంటే కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే లంకెలోని తొడుగు, అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. మలుపుల్లో టక్కుమన్నది అదే.

ఆ తర్వాత జరిగినదానికి నేను టిక్కెట్టు కొనుక్కొని అయినా వెళ్ళేదాన్ని. పట్టీలన్నీ విడదీసి, ఒక్కొక్కటే దారంతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాడు. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తామే, అలాగే. అన్నీ ఖంగుమన్నాయి. కుడి కట్టలో రెండో పట్టీ మాత్రం బద్దలైన కుండలా పలికింది. కంటికి ఏమీ కనపడలేదు. దాని మీద కిరోసిన్ రాసి, ఒక నిమిషం ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్ద రుద్దాడు. తెల్లటి సుద్ద మీద సెంటర్ బోల్టు రంధ్రం పక్కనుంచి వెంట్రుక మందంలో తడి గీత మెల్లగా పైకి వచ్చింది. పగుల్లో దాగిన కిరోసిన్‌ను సుద్ద పీల్చుకొని చూపిస్తోంది. మా డ్రైవరు ఫోను తీసి ఫొటో తీసుకున్నాడు. ఎవరికి పంపాడో నాకు తెలుసు, ఆ రెండో మెకానిక్కుకే.

కుడి పక్క ఒక్కటే చేయించుకుంటానన్నాను. ఖర్చు భయం. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఎద్దుల జతలో ఒకదాన్నే మారిస్తే కాడి నిలుస్తుందా అమ్మా? కొత్తది లాగుతుంది, పాతది వాలుతుంది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి నన్నే తిడతారు" అన్నాడు. రెండు పక్కలా పై రెండు పట్టీలు కొత్తవి, మిగిలిన వాటికి ప్రెస్సు మీద వంపు, కొత్త బుష్షులు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కూడా కొత్తవి. పాత యూ బోల్టులు చూడటానికి బాగానే ఉన్నాయని నేను బేరమాడబోయాను. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగిపోతుందని, మళ్ళీ బిగిస్తే పట్టు నిలవదని వాటిని నా ఎదుటే తుక్కులో వేశాడు.

వంపు విషయంలో ఒక మాట. చాలా చోట్ల పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, కొట్టి వంచి, నీళ్ళు చల్లి ఇచ్చేస్తారు. కొత్తలో విల్లులా ఉంటుంది, ఆరు నెలలకు దిగిపోతుంది, లేదా పుటుక్కున విరుగుతుంది. కాలిస్తే నూనెలో ముంచి గట్టిపరచాలి, మళ్ళీ తగినంత వేడి చేసి పెళుసుతనం తీయాలి. ఆ ఏర్పాటు తన దగ్గర లేదని, అందుకే కాల్చకుండా ప్రెస్సు మీద కొంచెం కొంచెంగా వంచుతానని ఆయనే చెప్పాడు. తనకు చేతకానిదేదో ముందే చెప్పిన మెకానిక్కును నేను చూడటం ఇదే మొదలు.

బిగింపు దగ్గర ఇంకో పద్ధతి గమనించాను. యూ బోల్టులు బిగించారు గాని, పట్టీ కొసన చుట్టిన కంటిలో దూరే కళ్ళ బోల్టులూ షాకిల్ బోల్టులూ వదులుగానే ఉంచి బండిని చక్రాల మీదికి దించి, ఊపి, అప్పుడు బిగించారు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలితిరిగి ఉండిపోయి బండిని ఒక పక్కకు లాగుతూనే ఉంటాయట.

బిల్లు ఇదీ: కొత్త పట్టీలు రెండు పక్కలకూ కలిపి 6,200, వంపు 2,400, యూ బోల్టులు నాలుగు 760, సెంటర్ బోల్టులు 120, బుష్షులు, పిన్నులు 1,150, కూలి 1,500. మొత్తం 12,130. ముప్పై వదిలేశాడు. అంతకు ముందు దండగ పెట్టిన 5,500 తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక నచ్చనివి. సాయంత్రానికి ఇస్తానన్న బండి మర్నాడు పదకొండుకు ఇచ్చారు. ఆ రోజు అద్దె బండికి వేరే ఖర్చు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు, టైరు మీద కూర్చున్నాను, చీరకు అయిన గ్రీజు మరక ఇంకా పోలేదు. బిల్లు అంటే సిగరెట్ పెట్టె వెనక రాసిన అంకెలే. జీఎస్‌టీ బిల్లు కావాలంటే వేరే కొట్టు చూసుకోవాలి.

అసలు తప్పు ఒకటి జరిగింది. మా బండికి వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది. తొట్టిలో బరువు పెరిగి బండి దిగితే వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది, ఖాళీ బండి లేచి ఉంటే తగ్గిస్తుంది. కొత్త కమాన్లతో వెనక భాగం పైకి లేచింది కదా, లోడు ఉన్నా ఖాళీ అనుకుంటోంది ఆ కడ్డీ. దాన్ని సర్దడం మరిచిపోయారు. మర్నాడు లోడుతో వెళ్తుంటే బ్రేకు ఆలస్యంగా పడుతోందని డ్రైవరు ఫోను చేశాడు. లోడు దింపించి బండిని అక్కడికే పంపించాను. పెద్దాయన కుర్రాడిని తిట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆగి, "చూసుకోవాల్సింది నేనమ్మా" అన్నాడు. పదిహేను నిమిషాల్లో సర్ది డబ్బు తీసుకోలేదు. తీసుకోకపోవడం బాగుంది, కానీ ఇది బ్రేకు. కమాన్లు ఎక్కడ చేయించినా బండి తీసుకునే ముందు ఆ కడ్డీ సంగతి మీరే గుర్తు చేయండి.

500 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ రమ్మన్నాడు. వెళ్తే యూ బోల్టులు నాలుగూ ఇంకో పావు చుట్టు తిరిగాయి. అప్పుడు నేనే కొలిచాను. వెనక ఎడమ 57.2, కుడి 56.6. ఆ ఆరు మిల్లీమీటర్లు కూడా తీసేయమన్నాను. "డీజిల్ ట్యాంకు, డ్రైవరు, నీ టిఫిను క్యారియరు, అన్నీ ఎక్కడో ఒక పక్క ఉంటాయి కదమ్మా. ఇది బంగారం తూకం కాదు" అని నవ్వాడు. మొదటి రోజు మీరు, ఆ రోజుకు నువ్వు. కాస్త దగ్గరివాళ్ళమైనట్టే.

ఇది రాసేనాటికి అయిదు నెలలయింది. కుర్రాళ్ళు ఎడమ వరస దించిన ప్రతిసారీ కుడి వరసను నడుమకు జరుపుతున్నారు. మొదట్లో గొణిగారు, ఇప్పుడు అలవాటైంది. నిన్న కొలిస్తే తేడా ఏడు మిల్లీమీటర్లు. టీ కొట్టాయన మేక సంగతి ఎత్తడం మానేశాడు.

వెళ్ళేవాళ్ళు ఉదయం తొమ్మిదికే వెళ్ళండి, పది దాటితే లారీల వరస మొదలవుతుంది. ఆదివారం మూసి ఉంటుంది. కాయిల్ స్ప్రింగుల కార్లు ఆయన ముట్టుకోడు. బండి ఖాళీగా తీసుకెళ్ళండి. టేపు మాత్రం మీదే పట్టుకెళ్ళండి. నేను కొత్తది కొనిచ్చాను గాని, దాన్ని కవరులో దాచి ఇంకా ఆ తెగినదానితోనే కొలుస్తున్నాడు.